చేతులు తుడుచుకున్నవాడు

గ్రిగొరీ మెలెఖోవ్ ఆఖరుసారి ఇల్లు చేరేసరికి డాన్ నది మీద మంచు కరగడం మొదలైంది. రైఫిలూ పిస్టలూ ఆ నీళ్లలోకి విసిరేస్తాడు, తూటాలు కుమ్మరిస్తాడు. ఆ తర్వాత కోటు అంచుకి చేతులు శ్రద్ధగా తుడుచుకుంటాడు, పశువుల కొట్టంలో పని ముగించుకుని వచ్చిన రైతులాగా.

షోలొఖోవ్ నవల ‘అండ్ క్వయెట్ ఫ్లోస్ ది డాన్’ని ఇరవయ్యేళ్ల వయసులో మొదటిసారి చదివాను. అప్పుడు ఈ తుడుచుకోవడం నా కంట పడనేలేదు. ఆ వయసులో నాకు కావలసింది అక్సీన్యా. గ్రిగొరీ ప్రేయసి, పొరుగింటి స్తెపాన్ పెళ్లాం, ఊరి నోళ్లకు జడవని మనిషి. మొన్న మళ్లీ తీశాను. 1912 నుంచి 1922 దాకా నడిచే ఆ కథలో ఈసారి ఎక్కడ చూసినా చేతులే.

మొదట్లో గ్రిగొరీ గడ్డి కోస్తుంటే కొడవలి వేటుకి అడవిబాతు పిల్ల ఒకటి తెగిపోతుంది. పుట్టి నాలుగు రోజులైనా కాని ప్రాణం. దాన్ని అరచేతిలో పెట్టుకుని విలవిల్లాడిపోతాడు. ఆ చెయ్యే 1914లో కత్తి పడుతుంది. తుపాకీ పారేసి ఓ ఇనప కంచె వెంట పరిగెడుతున్న ఆస్ట్రియా సిపాయిని నరుకుతుంది. తర్వాత దగ్గరకు వెళ్లి చూస్తే, చచ్చినవాడి మురికి అరచెయ్యి బిచ్చం అడుగుతున్నట్టు చాచి ఉంటుంది. నాకు తెలిసిన యుద్ధ నవలల్లో ఇంత చిన్నదీ, ఇంత భయంకరమైనదీ మరో చిత్రం లేదు.

ఆ ఏడాదే కంటి గాయానికి ఆసుపత్రిలో ఉండి తిరిగొస్తాడు. తను లేనప్పుడు అక్సీన్యా జమీందారు కొడుకుకి దగ్గరైందని తెలుస్తుంది. కొరడా తీసుకుని ముందు వాణ్ణి, తర్వాత ఆమెను ముఖం మీద కొడతాడు. బాతుపిల్లకు బాధపడిన చెయ్యేనా ఇది? అవును, అదే. ప్రేమ యుద్ధాన్ని కడిగేస్తుందని నవలలు మనకు చాలాసార్లు ఆశ పెట్టాయి. షోలొఖోవ్ పెట్టడు. సిపాయి గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి యుద్ధం కూడా లోపలికి వచ్చేసి ఉంటుంది.

ఆ మధ్యలో ఎన్ని జెండాలు! జారు సైన్యం, బోల్షెవిక్ ఎర్రవాళ్లు, వాళ్లతో పోరాడిన తెల్లవాళ్లు, తిరుగుబాటుదార్లు, మళ్లీ బుద్యొన్నీ ఎర్ర గుర్రపుదళం. అలసిపోయి ఇంటికి బయల్దేరిన గ్రిగొరీ దారంతా ఒకటే కలగంటాడు. బూట్లు విప్పేయాలి, మేడి పట్టుకుని తడి చాలు వెంట నడవాలి. అంతే. ఇంట్లో మాత్రం చెల్లెలి మొగుడు కోషెవోయ్ ఉంటాడు. చిన్ననాటి స్నేహితుడే, గ్రిగొరీ అన్న పెత్రోని కాల్చి చంపినవాడు కూడా. మర్నాడే వెషెన్‌స్కాయా వెళ్లి అధికారుల ముందు హాజరు కమ్మంటాడు. భారతంలో యుద్ధం గెలిచాక కూడా ధర్మరాజు రాజ్యం వద్దు, అడవికి పోతానంటే నచ్చజెప్పడానికి వ్యాసుడూ కృష్ణుడూ ఉన్నారు. ఓడినవాడికి శాంతిపర్వం ఎవరు చెబుతారు?

ఇక మిగిలిన దారి పారిపోవడం. అక్సీన్యాను వెంటబెట్టుకుని ఓ రాత్రి బయల్దేరతాడు. గస్తీవాళ్ల తూటా ఆమెకు తగులుతుంది, తెల్లవారేలోగా ప్రాణం పోతుంది. గోయి తవ్వడానికి పార లేదు. కత్తితోనే తవ్వుతాడు. ఏళ్ల తరబడి మనుషుల్ని నరికిన ఇనుము మొదటిసారి మట్టిలోకి దిగింది. మేడి పట్టి దున్నాలనుకున్నవాడు దున్నింది ఆ కాస్త నేలే.

అందుకే నదిలో ఆయుధాలు పారేశాక ఆ చేతులు ఎంతసేపు తుడుచుకున్నాడో అని ఇప్పుడు ఆగి ఆలోచిస్తాను.

రేవు దగ్గర కొడుకు మిషాత్కా ఆడుకుంటుంటాడు. గడ్డం మాసిన ఆ భయంకరమైన మనిషి తన తండ్రేనని గుర్తుపట్టి బెదిరిపోయి కళ్లు దించుకుంటాడు. గ్రిగొరీ మోకాళ్ల మీద కూలబడి వాడి చల్లటి చిట్టి చేతుల్ని ముద్దు పెట్టుకుంటాడు. కూతురు పోల్యూష్కా ఏదని అడిగితే, చచ్చిపోయిందని ఆ పసివాడే చెబుతాడు.