కొండకు పనికొచ్చేదే కొనుక్కో, నాయనా

సైకిల్‌కీ, కొండలెక్కడానికీ కలిపి ఒకే జీపీఎస్ కొనుక్కోవాలని ఉంది, ఏది కొనమంటావు పెదనాన్నా అని అడిగావు. ముందు కొండ సంగతి చూసుకో. సైకిల్ సంగతి దాని వెనకే సర్దుకుంటుంది.

ఎందుకంటావా? మన నకరికల్లులో అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డెక్కి ఎటు దారి తప్పినా ఏ టీ కొట్టు దగ్గరో ఆగి నరసరావుపేట ఎటని అడగొచ్చు. కోటప్పకొండ మీద గుడి దాటి పాత కోటయ్య గుడి దగ్గరికి నడిచి వెళ్లి, దిగేటప్పుడు పొద్దుగూకిందనుకో, ఎవర్ని అడుగుతావు? రోడ్డు మీద జీపీఎస్ సౌకర్యం, కొండ మీద అవసరం. నేను సర్వేయరుగా గొలుసు లాగిన రోజుల నుంచీ నమ్మిన మాట ఇది: పరికరాన్ని కష్టమైన చోటు కోసం ఎంచుకోవాలి.

బజారులో రెండు రకాలున్నాయి. గార్మిన్ ఎడ్జ్ లాంటివి హ్యాండిల్‌కి బిగించే సైకిల్ కంప్యూటర్లు. రోడ్డు మీద వాటిని మించినవి లేవు; మలుపు రాకముందే చెబుతాయి, ఎదురయ్యే ఎక్కుడు ఎంతుందో చూపిస్తాయి. కానీ బ్యాటరీ లోపలే ఉంటుంది. అయిపోతే ఛార్జింగ్ పెట్టాల్సిందే. రెండో రకం గార్మిన్ వాళ్లదే ఈట్రెక్స్ 32ఎక్స్ లాంటి చేతి పరికరం. రెండు పెన్సిల్ బ్యాటరీలతో 25 గంటలదాకా నడుస్తుందని కంపెనీ లెక్క. అయిపోతే జేబులోంచి ఇంకో జత తీసి వేసుకుంటావు. ఆ బ్యాటరీలు ఏ పల్లెలో కిరాణా కొట్టుకెళ్లినా దొరుకుతాయి. నువ్వు చెప్పే 200 కిలోమీటర్ల బ్రెవే సైకిల్ యాత్రకి గడువు పదమూడున్నర గంటలే కదా, దానికీ చాలు. హ్యాండిల్‌కి బిగించుకునే క్లాంపు విడిగా అమ్ముతారు. గుండె వేగం, పెడల్ వేగం చూపించే సెన్సర్లూ దీనికి కలుస్తాయి. తెర చిన్నదే, చూడ్డానికి మోటుగానే ఉంటుంది. ఉండనీ. నా మాట విని దీన్నే తీసుకో.

ఫోను చాలదా అంటావేమో. మన ఎండ నీకు తెలుసు, రెంటచింతల పేరు వాతావరణ వార్తల్లో వింటూ పెరిగినవాడివి. ఏప్రిల్లో మధ్యాహ్నం హ్యాండిల్ మీద ఫోను పెడితే వేడెక్కి తెర మసకబారుతుంది, ఛార్జింగ్ ఎక్కదు, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. పైగా చెమట చేత్తో ముట్టుకుంటే మాట వినదు. చేతి పరికరానికి బటన్లుంటాయి. తడి చేత్తోనైనా, గ్లోవ్ వేసుకునైనా నొక్కొచ్చు. ఫోన్‌ని మాత్రం సంచిలో ఆపి ఉంచు, ఎవరికైనా కబురు చెయ్యడానికి ఛార్జింగ్ మిగిలి ఉండాలి.

ఎత్తు గురించి ఒక మాట. ఉపగ్రహాలు మనం ఎక్కడున్నామో చెప్పినంత బాగా ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పలేవు. అందుకే గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే బారోమీటర్ ఉన్నది కొనమంటున్నాను. ఇదే వరసలోని ఈట్రెక్స్ 22ఎక్స్‌లో అది లేదు, 32ఎక్స్‌లో ఉంది. అయితే వాతావరణం మారితే ఒత్తిడీ మారుతుంది, అంకె జరుగుతుంది. బయల్దేరే ముందు ఎత్తు తెలిసిన చోట సరిచేసుకోవాలి. రైల్వే స్టేషన్ పేరు బోర్డు కింద సముద్ర మట్టం నుంచి ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది చూశావా? నరసరావుపేట స్టేషన్ బోర్డు పక్కన నిలబడి ఆ అంకె పరికరంలో ఎక్కించు, అక్కణ్ణుంచి కోటప్పకొండకు సైకిల్ తొక్కు. నువ్వెంత ఎక్కావో నమ్మకంగా తెలుస్తుంది.

కొన్నాక మ్యాపు వేసుకోవడం మర్చిపోకు. లోపల వచ్చే మ్యాపులో మన ఊళ్ల దారులు సరిగా లేకపోవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉచితం, మెమరీ కార్డులో ఎక్కించుకో. దాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. సాగర్ కుడి కాలువ కట్టను రోడ్డులా గీసి ఉంటే నీ సన్న టైర్లతో అటు దిగకు. కంకర రాళ్లకు ట్యూబు చీలుతుంది.

జీపీఎస్ లాంటిదే మన ఇస్రో నావిక్, దాని మీద నీకు అభిమానం ఉందని తెలుసు, నాకూ ఉంది. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి దాని మొదటి ఉపగ్రహం ఎగిరింది. అయినా ఆ పేరు కోసమే పరికరం ఎంచుకోవద్దు. ఆకాశం కనబడే చోట జీపీఎస్, రష్యావాళ్ల గ్లోనాస్ ఉపగ్రహాలు కలిస్తే నడకకు చాలు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇది. అమెరికా నుంచి వచ్చే బంధువులు ఇన్‌రీచ్ తెస్తామంటే వద్దని చెప్పు. అది ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం. టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో అలాంటిది దగ్గర ఉంచుకోవడమే నేరం, విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల పాలైనవాళ్లున్నారు. సంకేతం అందుకోవడమే తప్ప పంపలేని మామూలు జీపీఎస్‌కి ఈ చిక్కు లేదు.

ఇక మాచర్ల దాటి నల్లమల వైపు మనసు పోతే అది పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. ఎక్కడికెళ్లినా ఏ దారిన వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో కాగితం మీద రాసి మీ అమ్మ చేతిలో పెట్టి బయల్దేరు.