బడికి అప్పగించిన బిడ్డ

డిసెంబరు నెలలో మన పల్లెలలోని పిల్లలంత తీరిక లేనివారు మరెవరును కనబడరు. వెదురు బద్దలు చీల్చి నక్షత్రము కట్టుట, రంగు కాగితములు అతికించుట, నాటకములో తమ మాటలు వల్లించుట, రాత్రివేళ కేరల్స్ గుంపుతో ఇల్లిల్లు తిరుగుట, ఇవన్నియు వారి పనులే. వీటి నడుమ బడి యొకటి యున్నది. ఆ బడి సంగతి ఈ నెలలో కొంచెము ఆలోచింపవలెనని కోరుచున్నాము. ఏలయనగా, ఏడాది పొడుగునను మరుగుననుండు ప్రశ్న యొకటి ఈ పండుగ దినములలోనే బయటపడును. బిడ్డను బడిలో అప్పగించిన తరువాత తలిదండ్రుల బాధ్యత తీరినట్లేనా?

పూర్వము మన పెద్దలు బిడ్డను పంతులుగారి యొద్దకు తీసికొనిపోయి, "తోలు ఒలిచినా సరే అయ్యా, కళ్ళు రెండూ ఉంచి చదువు చెప్పండి" అని చెప్పి వచ్చెడివారు. (బడిలో పిల్లలను కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. అది మంచిదే.) ఆ మాటలో గురువునందు గొప్ప నమ్మకము కలదు. కాని అందులోనే మరియొక భావమును దాగియున్నది: ఇక వీడు మీవాడు, వీని సంగతి మమ్మును అడుగవద్దు అని. నమ్మి అప్పగించుట వేరు, అప్పగించి చేతులు దులుపుకొనుట వేరు. రెండును బయటికి ఒక్కరీతిగానే కనబడును గనుక మనము పొరబడుచుందుము.

హన్నా తన బిడ్డను అప్పగించిన విధమును చూడుడి. 1 సమూయేలు మొదటి రెండు అధ్యాయములలో ఆ సంగతి యున్నది. పాలు మాన్పిన తరువాత సమూయేలును షిలోహునకు తీసికొనిపోయి ఏలీ యొద్ద విడిచినది. అంతకంటె పూర్తిగా బిడ్డను అప్పగించిన తల్లి మరొకతె లేదు. అయినను ఏటేట పండుగకు పోవునప్పుడు ఒక చిన్న అంగీ కుట్టి వానికి తీసికొనిపోవుచుండెను. తరువాత ఆమెకు ముగ్గురు కుమారులును ఇద్దరు కుమార్తెలును కలిగిరి. ఇంటి నిండ పని యుండియుండును. కుట్టుపని తెలిసిన స్త్రీలు మన సంఘములలో అనేకులు కలరు. వారిని మేము అడుగుచున్నాము: ఎదుగుచున్న బిడ్డకు కొలత తెలియకుండ అంగీ కుట్టగలరా? పోయిన యేటి అంగీ ఈ యేడు చేతులకు పొట్టియగును. ఎంత పొట్టియగునో ఎరిగియుండవలెను. ఏలీ వానికి దేవాలయపు పనులు నేర్పినాడు, దేవుని స్వరమును గుర్తుపట్టు విధమును నేర్పినాడు. అంగీ కొలత మాత్రము తల్లియే ఎరుగును.

బడిలోనైనను అంతే. అరువదిమంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు చట్టము చెప్పిన లెక్క ప్రకారము ఉపాధ్యాయులు ఇద్దరు. అయిదు తరగతులు, ఇద్దరు మనుష్యులు. రెండవ తరగతి పిల్లవాడు ఉదయము కునుకుపాట్లు పడుచున్నాడనిన, రాత్రి పన్నెండు గంటల వరకు వాడు కేరల్స్ గుంపు వెంట నడచెనని పంతులమ్మకు ఎట్లు తెలియును? మందబుద్ధియని అనుకొనును. ఆ సంగతి తెలిసినది ఇంటివారికి, చెప్పవలసినదియు వారే. చిన్నపిల్లలను తొమ్మిది గంటలకెల్ల ఇండ్లకు పంపివేసి పెద్దవారు మాత్రము ముందుకు పోయిన సంఘమునకు కలుగు నష్టమేమియు లేదు.

సెలవుల సంగతియు ఇట్టిదే. క్రైస్తవ యాజమాన్యపు బడులకు క్రిస్మసునకు ఎక్కువ సెలవులు, సంక్రాంతికి తక్కువ. ప్రభుత్వపు బడులకు పెద్ద సెలవులు సంక్రాంతికే. మన పిల్లలలో అనేకులు ప్రభుత్వపు బడులలోనే యున్నారు. డిసెంబరు ఇరువదవ తేదీ మొదలుకొని క్రొత్త సంవత్సరము వరకు మన పండుగ యని మానుదురు. నాలుగు దినములు పోయివచ్చునంతలో సంక్రాంతి సెలవులు వచ్చును. ఇట్లు నెల దినములు గడచును. అప్పుడప్పుడే ఒత్తులు కూడబలుకుచున్న బిడ్డకు నెల దినములనిన చిన్నది కాదు. ఆ నెలలో తల్లి, వాడు బడికి పోవుచున్నాడనుకొనును. పంతులు, ఊరికి పోయినాడనుకొనును. యోసేపును మరియయు పండుగ నుండి తిరిగి వచ్చుచు, బాలుడు గుంపులో ఉన్నాడని తలంచి ఒక దినపు ప్రయాణము సాగిపోయిరని లూకా వ్రాసినాడు. వారు నిర్లక్ష్యపు తలిదండ్రులు కారు. ఉన్నాడనుకొనుటయే అక్కడ జరిగిన పొరపాటు.

బడిలో సెమీ క్రిస్మసు జరుగునప్పుడు తలిదండ్రులు రాకపోలేదు. కూలి మానుకొని వత్తురు. దేవదూత రెక్కలకు వెండి కాగితము కొందురు, గొల్లవానికి తాత గొంగళి ఇత్తురు, చిన్నవాడు రెండు మాటలు పలికిన చప్పట్లు కొట్టుదురు. ఈ సంతోషమును మేము తక్కువ చేయము. తండ్రియు కొడుకును ఒక సాయంకాలము కూర్చుండి నక్షత్రము కట్టుకొనుట మాత్రము తక్కువ చదువా? అయితే వేదికమీద నిలిచిన బిడ్డను చూచుటకు వచ్చిన మనము పలక పట్టుకొని కూర్చున్న బిడ్డను చూచుటకు ఎన్ని మారులు వచ్చితిమి? నాటకములో మాటలన్నియు గడగడ చదువువారికే దొరకును. కూడబలుకువాడు గొఱ్ఱెయై మూలను కూర్చుండును. ఆ గొఱ్ఱె యొక్క తల్లి నవ్వుకొని ఇంటికి పోవును గాని, మావానికి మాట ఎందుకు ఇయ్యలేదని అడుగదు. అడిగిన పక్షమున ఆ దినముననే అసలు సంగతి తెలిసియుండును.

ఇప్పుడు కఠినమైన మాటకు వచ్చుచున్నాము. మనవారిలో అనేకులకు ఈ నెల పత్తి తీత కాలము. కూలి కిలోల లెక్క. ఎనిమిదేండ్ల పిల్ల ప్రక్కన తీసిన ఆ దినపు మూట బరువెక్కును. ఆ బరువుతో క్రిస్మసు గౌను వచ్చును. చంటిబిడ్డను ఎత్తుకొనుటకు మరియొక పిల్ల ఇంటియొద్ద ఆగును. కర్నూలు జిల్లా పడమటి గ్రామముల నుండి మిరప, పత్తి పనులకు గుంటూరు వైపు కుటుంబములే తరలిపోవుచుండుటయు, అట్టివారి పిల్లల నిమిత్తము కాలానుగుణ వసతి గృహములు నడుపబడుటయు అనేకులు ఎరుగుదురు. అట్టి తల్లిని పాపియని పిలుచువానికి ఆకలి తెలియదు. ఆమె బిడ్డను ప్రేమింపలేదనుట అబద్ధము. ఆ గౌను ప్రేమతోనే కొన్నది. కాని ఆ గౌను వెల చెల్లించినది ఎవరు? బిడ్డయే తన బడి దినములతో చెల్లించినది. హన్నా అంగీకిని ఈ గౌనుకును భేదము ఇక్కడ కలదు. పాత గౌను ఉదికి తొడిగి బిడ్డను బడికి పంపిన ఇంటిని చూచి, పండుగనాడు గుడిలో ఎవరును మూతి విరువకుండుట సంఘము చేయగల మొదటి సహాయము. క్రొత్త బట్ట లేనిదే క్రిస్మసు కాదను మాట మన నోళ్లలోనుండియే పుట్టినది.

"మాకు అక్షరం ముక్క రాదు, పోయి ఏమని అడుగుతాం?" అని కొందరందురు. అన్నము ఉడికినదో లేదో చూచుటకు కుండంతయు కుమ్మరింపరు గదా. ఒక్క మెతుకు పట్టి చూతురు. సాయంకాలము బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని నాలుగు వాక్యములు చదువుమనుడి. చదువు రానివారికైనను తడబాటు వినబడును. నిన్నటి చోటనే ఈ దినమును తడబడెనా, రేపు పంతులమ్మను అడుగుడి: "ఇది వీనికి ఎందుకు రావటం లేదమ్మా?" ఆ ఒక్క ప్రశ్న చాలును.

మిషను కాలములో మన తాతలు చదువు రానివారే. బిషప్ అజరయ్యగారు 1912 నుండి 1945 వరకు దోర్నకల్ అధ్యక్ష మండలమును నడిపిన దినములలో, స్త్రీలు వంటకు పోసిన ప్రతిమారు గుప్పెడు బియ్యము తీసి గుడికి తెచ్చెడివారు. ఆదివారము గుడియైన పాకయే మిగిలిన దినములలో బడి. పగలు పశువులు కాచిన పిల్లలు రాత్రి లాంతరు క్రింద చదివిరి. అది తమ గుప్పెడు బియ్యపు బడి గనుక దాని సంగతి అందరును ఎరిగియుండిరి. ఇప్పుడు చట్టమే మనకు చోటిచ్చినది. ప్రభుత్వపు బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 వంతులు తలిదండ్రులే ఉండవలెను, సభ్యులలో సగముమంది స్త్రీలు కావలెను. 2024 డిసెంబరు 7వ తేదీని ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే దినమున తలిదండ్రుల సమావేశము జరిగినది. అట్టి పెద్ద దినములు మంచివే, అయితే ఏడాదికి ఒకటో రెండో మాత్రమే వచ్చును.

మిగిలిన దినములలో చిక్కు వేరు. కూలి స్త్రీలు చేనునుండి ఇల్లు చేరునది సాయంకాలము అయిదు గంటలకు. టౌనునుండి వచ్చు పంతులమ్మ బస్సు నాలుగున్నరకే వెళ్లిపోవును. పగలు పదునొకండు గంటలకు కమిటీ పెట్టిన తల్లికి కూలి పోవును. ఆదివారము ఆరాధన తరువాత పెట్టిన పంతులమ్మకు ఉన్న ఒక్క విశ్రాంతి దినము పోవును. నెలకొక సాయంకాలము ఆ అరగంటను ఎవరు విడుచుకొనవలెనో, పంతులమ్మను తరువాతి బస్సు ఎక్కించు పూచీ ఎవరిదో, సంఘ పెద్దలును కమిటీలోని తల్లులును కూర్చుండి సంక్రాంతి తరువాత బడి తెరచులోగా మాటలాడుకొనవలసియున్నది.