రోడ్డు లేని చోట

ఆఫ్-రోడ్ అనే సరదాలో కొనుక్కునేది జీపు కాదు, రోడ్డు లేకపోవడం. గల్ఫ్‌కి వెళ్ళిన కోనసీమ స్నేహితులు సెలవురోజున ఎడారికి పోయి, ఇసుక తిన్నెల మీద బళ్ళు ఎగరేసి వీడియోలు పంపిస్తుంటారు. రాజమండ్రి వాళ్ళకి ఇసుకంటే గోదారి ఇసుకే కాబట్టి, మేం శనివారం మారేడుమిల్లి వెళ్తాం. బొంగులో చికెన్ కట్టించుకుని, జీపు మాట్లాడుకుని, పుల్లంగి మీదుగా గుడిస కొండకి.

పోయినసారి వెళ్ళొచ్చాక మావాడొకడు "ఆ దారి ఎప్పటికీ అలాగే ఉండాలిరా" అన్నాడు. అందరం అవునన్నాం. ఆ మాటే తర్వాత నన్ను వదల్లేదు.

ఏజెన్సీ వార్తలు చదివేవాళ్ళకి డోలీ కొత్త కాదు. నిండు నెలల మనిషిని కర్రకి కట్టిన దుప్పట్లో పడుకోబెట్టి, అంబులెన్సు అందేదాకా మోసుకురావడం. మనం డబ్బిచ్చి ఎక్కే గతుకులూ అవే. కోరుకున్నంత మాత్రాన ఏమైపోతుంది, నా కోరికతో తారు ఆగుతుందా అనొచ్చు. ఆగదు. అయినా అందులో ఏదో తేడా ఉంది. లంకలో ఎవరిదో తాటాకిల్లు చూసి, "అబ్బ, ఎంత చల్లగా ఉందో, డాబా కట్టకండి" అని చెప్పి, సాయంత్రానికి మన ఏసీ గదికి వచ్చేయడం లాంటిది. ఇంటివాడు నవ్వి ఊరుకుంటాడు, మర్యాద కొద్దీ.

జీపు డ్రైవరుని అడిగితే సూటిగా చెప్పాడు: "తారు పడితే మీ కార్లే వచ్చేస్తాయండి, నా బండి ఎవరెక్కుతారు?" కాసేపాగి, "అయినా పడాలండి. మా అమ్మకి మోకాళ్ళు" అన్నాడు. నా దగ్గరున్న వాదనలన్నిటికంటే ఇదే నిజాయితీగా ఉంది. నష్టం తనదే అని తెలిసి కోరుకున్న కోరిక అది. మాది లాభం మాదీ, నష్టం ఇంకొకరిదీ.

మరి రోడ్డేస్తే న్యాయం జరిగినట్టేనా? మన్యం చరిత్ర అలా చెప్పదు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకీ, అడవిలో స్వేచ్ఛగా తిరగడానికీ అడ్డుపడింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట కొండవాళ్ళు లేవడానికి ఒక కారణం రోడ్డే. గూడెంలో బాస్టియన్ అనే అధికారి చాలీచాలని కూలికి వాళ్ళచేత రోడ్డు పని చేయించాడు. ఆ ఏడు ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగింది. ఆ రోడ్డు వేసినవాళ్ళ కాళ్ళ కోసం వేసింది కాదు, కింద నుంచి వచ్చే అధికారం కోసం వేసింది. నూరేళ్ళ తర్వాత కింద నుంచి మేం వెళ్ళి, అదే కొండల్లో రోడ్డు వద్దంటున్నాం. ఎవరో ఏదో వేసినా, వేయకపోయినా, దాని మీద నడిచేవాళ్ళ మాట మాత్రం రెండు కాలాల్లోనూ లెక్కలోకి రాలేదు.

మావాడితో ఇదంతా అన్నాను. "అయితే వెళ్ళడం మానేద్దామా?" అన్నాడు. మానక్కర్లేదనే నా ఉద్దేశం, జీపు కిరాయి అక్కడివాళ్ళకి అందుతుంది కదా. కానీ "అలాగే ఉండాలి" అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోమన్నాను. వాడింకా తీసుకోలేదు. చలికాలం ప్రయాణానికి టెంట్లు మాత్రం బుక్ చేశాడు.