తెలిసే చేరింది కదా!

తాత్కాలిక ఉద్యోగి ఎవరైనా తనకు జరిగిన వివక్ష గురించి కోర్టుకెక్కారని పేపర్లో వార్త వస్తే చాలు, మన ఇళ్ళలో ఒక మాట వెంటనే పైకి వస్తుంది. "తెలిసే చేరింది కదా! ఇప్పుడు కోర్టుకెందుకు?" ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. బస్సులో చంటిపిల్ల తల్లికి లేచి చోటిచ్చేవాళ్ళే, వీధిలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆటో పిలుచుకొచ్చేవాళ్ళే. అలాంటివాళ్ళ నోట కూడా ఈ మాట ఇంత తేలిగ్గా వస్తోందంటే, దాన్ని కాస్త నిలబెట్టి చూడవలసిందే అనిపించింది.

నా మనసులో ఉన్న కేసు ఢిల్లీది. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పని చేస్తున్న వైద్యురాలు 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగింది. ఆమె కాంట్రాక్టు ఏడాదికేడాది పొడిగిస్తూ వచ్చినది. మూడేళ్ళకు మించి పొడిగించడానికి వీల్లేదు. ఆ మూడేళ్ళూ జూన్ 11కి నిండుతాయి. ఆసుపత్రివాళ్ళు లెక్క చూసి, పదకొండు రోజులకే నీకు ప్రసూతి ప్రయోజనం వర్తిస్తుంది, ఆ తరువాత నువ్వు మా ఉద్యోగివి కావు అన్నారు. అప్పటికి రెండు నెలల కిందటే, 2017 ఏప్రిల్‌లో, ప్రసూతి సెలవును పన్నెండు వారాల నుంచి ఇరవై ఆరు వారాలకు పెంచిన సవరణ అమల్లోకి వచ్చింది. పక్క గదిలో పర్మనెంటు డాక్టరుకు ఇరవై ఆరు వారాలు, ఈమెకు పదకొండు రోజులు. ఆమె ట్రైబ్యునల్లో ఓడింది, హైకోర్టులో ఓడింది. 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టులో గెలిచింది. అప్పటికి ఆరేళ్ళు దాటాయి. ఏ కాన్పు కోసం సెలవు అడిగిందో ఆ బిడ్డ పలక పట్టే వయసుకు వచ్చేసి ఉంటుంది.

తీర్పు వచ్చిన రోజుల్లో నేను విన్న వ్యాఖ్యలు రకరకాలు. ఉద్యోగమే లేనప్పుడు సెలవేమిటని నవ్విన వాళ్ళున్నారు. డాక్టరమ్మకు డబ్బుకేం తక్కువ అన్నవాళ్ళున్నారు. (కూలిమనిషి వెళితే "ఎవరో వెనకనుండి ఎక్కించారు" అంటారు, చదువుకున్నది వెళితే "ఆశ" అంటారు. కోర్టు మెట్లెక్కడానికి తగిన ఆడమనిషి ఎలా ఉండాలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.) బ్యాంకులో చేసి రిటైరైన ఒక పెద్దాయన మాత్రం సూటిగా అడిగారు. "జూన్ పన్నెండో తేదీన ఆమెకు యజమాని ఎవరయ్యా? యజమానే లేనప్పుడు ఎవరి మీద హక్కు?" అని.

ఈ ప్రశ్న నవ్వి తోసేయగలిగింది కాదు. ఒప్పందానికి గడువుంది. గడువు ఇద్దరికీ తెలుసు. ఆమెను ఎవరూ తీసెయ్యలేదు, కాలం తీరింది, అంతే. మరి తీరిన తరువాత కూడా ఇచ్చుకోవాలంటే అది న్యాయమా, దయా?

దీనికి నాకు దొరికిన జవాబు ఫ్యాక్టరీలో ఉంది. ఉద్యోగం ఆఖరి రోజున మిషనులో చెయ్యి పడ్డ కార్మికుడి సంగతి చూడండి. ఆ సాయంత్రం అయిదింటికి అతని కాంట్రాక్టు ముగిసిందని నష్టపరిహారం కూడా అయిదింటికే ముగుస్తుందా? బాధ్యత పుట్టిన క్షణం ఒకటి, అది తీరే కాలం ఒకటి. ప్రసూతి సంగతీ అంతే. ఆమె గర్భవతి అయింది జూన్ పన్నెండున కాదు. నెలలు నిండుతున్న కడుపుతోనే డ్యూటీ చేసింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం పెట్టిన కొలత కూడా అదే. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో ఎనభై రోజులు పని చేసి ఉండాలంది ఆ చట్టం. ఇకముందు ఎన్ని రోజులు చేయబోతోందో అడగలేదు. చట్టం వెనక్కి తిరిగి చూసి లెక్క కట్టింది. ఆసుపత్రి ముందుకు చూసి కట్టింది. సుప్రీంకోర్టు చెప్పిన సారాంశమూ ఇదే: ఆ ప్రయోజనం కాంట్రాక్టు గడువును దాటి కూడా నడుస్తుంది, కాంట్రాక్టు కాగితం చట్టాన్ని మింగలేదు.

ఇక "తెలిసే చేరింది" దగ్గరికి వద్దాం. ఆమెకు తెలిసిందేమిటి? ఫలానా తేదీకి ఉద్యోగం పోతుందని తెలుసు. అంతవరకు నిజమే. ఆ తెలిసిన దానిలోనే తెలియనిదాన్ని కూడా కలిపి కట్టేస్తున్నాం మనం. ఎంతకాలం అన్నది ఒక సంగతి, ఎలా చూస్తారన్నది వేరే సంగతి. మూడేళ్ళే ఉంటానని ఒప్పుకున్న మనిషి, ఆ మూడేళ్ళూ తక్కువ మనిషిగా ఉంటానని ఒప్పుకున్నట్టు కాదు. అద్దెకు దిగినవాడు పదకొండు నెలల కాగితం మీద సంతకం పెడతాడు. అంతమాత్రాన బావిలో నీళ్ళు తోడుకోవద్దంటే ఊరుకుంటామా?

ఈ మాటకు మన న్యాయస్థానాల్లో నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. అది నేరుగా సాగిన చరిత్ర కాదు, అందుకే ఆసక్తికరం. 1985లో ఉత్తరప్రదేశ్‌లోని నెహ్రూ యువక కేంద్రంలో రోజుకూలీ మీద చేసే నాలుగో తరగతి సిబ్బంది, పర్మనెంటు వాళ్ళ పనే చేస్తున్నాం, ఆ జీతమే ఇప్పించండి అని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ప్రభుత్వం సరిగ్గా మన వీధి జవాబే చెప్పింది. రోజుకూలీ అని తెలిసే కదా చేరారు! న్యాయమూర్తి భగవతి ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. ఇంత నిరుద్యోగం ఉన్న దేశంలో ఆకలికి తట్టుకోలేక ఏ షరతుకైనా తల ఊపే మనిషితో, నువ్వు ఒప్పుకున్నావు కదా అనే హక్కు సర్కారుకు లేదన్నారు.

ఇరవై ఏళ్ళు గడిచాయి. 2006 ఏప్రిల్ 10న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు మరో దారి పట్టింది. ఉమాదేవి తీర్పుగా పేరుపడ్డ ఈ కేసు మన కర్ణాటకదే. వాణిజ్య పన్నుల శాఖలో పదేళ్ళకు పైగా దినగూలిగా చేసినవాళ్ళు తమను ఖాయం చేయమన్నారు. కుదరదంది కోర్టు. తాత్కాలికమని తెలిసి చేరినవాళ్ళు తరువాత పర్మనెంటు హక్కు అడగలేరంది. ఈ తీర్పును తిట్టడం తేలిక. నాకు మాత్రం దాని వెనక ఉన్న మనిషి కనిపిస్తాడు. అతను కోర్టులో లేడు. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలో పేరు నమోదు చేసుకుని, నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి చూస్తున్నవాడు. ఎవరి సిఫారసూ లేక దినగూలి కూడా దొరకనివాడు. దొడ్డిదారిన వచ్చినవాళ్ళను ఖాయం చేస్తే అతని వంతు ఎప్పటికీ రాదు. ఈ ఆలోచనలో న్యాయం లేదనలేం.

చిక్కల్లా తీర్పు బయటికి వచ్చాక దాన్ని వాడుకున్న తీరులో ఉంది. పర్మనెంటు కుర్చీ గురించి చెప్పిన మాటను జీతానికీ, సెలవుకూ, మర్యాదకూ కూడా అతికించారు. ఆ తీర్పే, మంజూరైన పోస్టుల్లో పదేళ్ళు చేసినవాళ్ళను ఒక్కసారికి పరిశీలించి ఖాయం చేయమని చెప్పిన సంగతి మాత్రం ఆఫీసుల్లో ఎవరికీ గుర్తు రాలేదు. దీన్ని సరిదిద్దడానికి మళ్ళీ ఏళ్ళు పట్టింది. పంజాబు తాత్కాలిక ఉద్యోగుల కేసులో 2016 అక్టోబరు 26న, ఒకే పనికి తక్కువ జీతం తీసుకునేవాడు ఇష్టపడి తీసుకోడు, పెళ్ళాం బిడ్డల తిండి కోసం ఆత్మగౌరవం చంపుకుని తీసుకుంటాడు అన్న అర్థంలో కోర్టు చెప్పింది. 2024 డిసెంబరు 20న, కేంద్ర జల సంఘం ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి ఊడ్చి, శుభ్రం చేసి, 2018లో ఒక్క ఉత్తరువుతో బయటపడ్డవాళ్ళ కేసులో, ఉమాదేవి తీర్పును దోపిడీకి డాలుగా వాడకండని మందలించింది. వాళ్ళను తిరిగి తీసుకుని ఖాయం చేయమంది.

ఒప్పుకోవడం వేరు, ఓర్చుకోవడం వేరు. మన భాషలో రెండు మాటలున్నా, పక్కవాడి విషయానికి వచ్చేసరికి రెండింటినీ ఒకటి చేసేస్తాం.

"ఇలాగైతే ఇక ఆడవాళ్ళను ఎవరు పనిలో పెట్టుకుంటారు?" అనేది మరో మాట. ఇందులో కొంత నిజం ఉంది. ప్రసూతి ఖర్చంతా ఒక్క యజమాని నెత్తిన పెడితే, చిన్న యజమాని ఆడపిల్ల దరఖాస్తు పక్కన పెడతాడు. ఇ.ఎస్.ఐ. ఉన్నచోట ఆ భారం అందరి చందాలో కలిసిపోతుంది, లేనిచోట ఒక్కడి మీదే పడుతుంది. ఇది చట్టం చేసేవాళ్ళను నిలదీసి అడగవలసిన లోపం. మనం దాన్ని నెలలు నిండిన మనిషికి బెదిరింపుగా చెబుతున్నాం. నీ హక్కు అడిగితే నీ చెల్లెలికి ఉద్యోగం రాదు అని. ఇలాంటి లెక్క మగవాళ్ళ పింఛను గురించి ఎవరైనా కట్టారేమో నాకు తెలియదు.

డాక్టరమ్మ కేసుకు చాలా ముందే ఈ దారి వేసింది కూలి స్త్రీలని చాలామందికి తెలియదు. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద రోడ్లు వేస్తూ, కాలవలు తవ్వుతూ ఉన్న స్త్రీలు ప్రసూతి సెలవు అడిగితే, అది పర్మనెంటు వాళ్ళకే, మస్టరు కూలీలకు కాదన్నారు. 2000 మార్చి 8న సుప్రీంకోర్టు ఆ స్త్రీల పక్షాన తీర్పు చెప్పింది. నెలలు నిండిన మనిషి చేత బరువు పని చేయించడం తల్లికీ బిడ్డకూ ముప్పు అన్నది పర్మనెంటు కడుపుకు ఎంత నిజమో మస్టరు కడుపుకూ అంతే నిజం. ఇంత చిన్న సంగతి చెప్పించుకోవడానికి సుప్రీంకోర్టుదాకా వెళ్ళవలసి వచ్చింది. ఆ తరువాత పదిహేడేళ్ళకు అదే నగరంలో, అదీ ఒక ఆసుపత్రిలో, మళ్ళీ అదే వాదన!

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది బయటివాళ్ళ మాటలు కావు, అదే ఆఫీసులోని పర్మనెంటు వాళ్ళ మౌనం. పోయేది వాళ్ళ జేబులో డబ్బు కాదు. అయినా మొహం తిప్పుకుంటారు. పక్కమనిషిది కూడా తన పనే, తన కష్టమే అని ఒప్పుకుంటే తన పర్మనెంటుకు విలువేమిటన్న భయమేమో. ఒక పరీక్ష రాశాం, ఒక ఇంటర్వ్యూ గట్టెక్కాం, అది మా గొప్ప అని నమ్ముకుని ఉన్నవాడికి, ఆ గొప్పలో అదృష్టం పాలు ఎంతో గుర్తు చేసేవాళ్ళు కంటికి నచ్చరు. తాత్కాలికుల మౌనాన్ని మాత్రం నేను తప్పు పట్టలేను. రేపు మస్టరులో పేరు ఉంటుందో లేదో తెలియని మనిషి ఇవాళ సాక్ష్యం చెప్పలేదని పిరికివాడనడం, కడుపు నిండినవాడి ధైర్యం.

మనకు ఇది దూరపు కథ కాదు. బెంగుళూరు వీధులు తెల్లవారకముందే ఊడ్చే పౌరకార్మికుల్లో పెద్దభాగం తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు. మద్రాసులోనూ ఆ పనిలో మనవాళ్ళు తరాలుగా ఉన్నారు. ఏళ్ళ తరబడి వాళ్ళను కాంట్రాక్టరు పేరు మీదే నడిపించారు. నగరం చెత్త ఎత్తే పని ఒక్కరోజు కూడా ఆగేది కాదు, ఎత్తే మనిషి మాత్రం "తాత్కాలికం". 2022 జూలైలో పౌరకార్మికులు ఖాయం చేయాలని సమ్మెకు దిగినప్పుడు, నాలుగు రోజులు చెత్త పేరుకుంది. మన సంఘాల సమావేశాల్లో, ఉగాది సంచికల్లో, భాష గురించి, బడి గురించి ఎంతో రాసుకుంటాం. న్యాయమే, రాసుకోవాలి. ఆ నాలుగు రోజుల్లో మాత్రం మనవాళ్ళ నోట నేను విన్నది ముక్కు మూసుకున్న మాటే. వాళ్ళూ తెలుగువాళ్ళే అన్న సంగతి వాసన ముందు నిలబడలేదు.

"తెలిసే ఉన్నారు కదా" అన్న మాట మనకు కొత్తది కూడా కాదు. పిల్లలకు తెలుగు మీడియం అడిగినా, తెలుగు టీచరు పోస్టు భర్తీ చేయమన్నా, ఫలానా రాష్ట్రంలో ఉన్నామని తెలిసే ఉన్నారు కదా అంటారు. హోసూరువాళ్ళు ఎక్కడినుంచీ రాలేదు, గీతలే వచ్చి వాళ్ళ ఊరికి అటూ ఇటూ పడ్డాయి. అలా జవాబు చెప్పే ఓపిక మనకుంది. ఆ జవాబు చెప్పిన సాయంత్రమే ఇంటికి వచ్చి, పనిమనిషి నాలుగు రోజులు రాలేదని జీతం కోసేటప్పుడు, ఆ మాటే మన నోట వస్తుంది.

2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. 1961 చట్టం అందులో కలిసిపోయింది. గడువు పెట్టి నియమించుకున్నవాళ్ళకు పర్మనెంటు వాళ్ళతో సమానంగా ప్రయోజనాలు ఇవ్వాలని, ఏడాది నిండితే గ్రాట్యుటీ కూడా ఇవ్వాలని ఉంది. కాగితం మీద మంచి మాటే. అయితే గడువు పెట్టి నేరుగా నియమించుకున్నవాళ్ళ సంగతి వేరు, మధ్యలో కాంట్రాక్టరు ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఊడ్చే మనిషి చేతికి నియామక పత్రం ఎవరిస్తారు, ఏ పేరుతో ఇస్తారు, అందులో ఏ తేదీ రాస్తారు అన్నది, రాబోయే కేసులన్నీ తేల్చుకోవలసి ఉంది.