దయా? హక్కా?

ఒక భార్యాభర్తలు ఉన్నారనుకుందాం. పిల్లలు స్థిరపడ్డారు, ఉద్యోగ బాధ్యతలు తీరాయి. మెక్సికో ఉత్తర భాగంలోని లోతైన లోయలను చూడాలని బయలుదేరారు. టిక్కెట్లు, బస, నడక దారులు, వెంట గైడు - అన్నీ ముందే ఏర్పాటయ్యాయి. వారు కిటికీ పక్కన కూర్చుంటే చాలు. ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. కాని దారిలో వారికి ఎదురయ్యే ఒక చిన్న సంఘటన గురించి మనం కాస్త తీరిగ్గా ఆలోచించవలసి ఉంది.

ఆ రైలుమార్గం సామాన్యమైనది కాదు. పసిఫిక్ తీరం వైపున్న లాస్ మోచిస్ పట్టణం నుంచి చివావా నగరం దాకా సుమారు 650 కిలోమీటర్లు. ఆలోచన 19వ శతాబ్దంలోనే పుట్టినా పూర్తయింది మాత్రం 1961లో. 86 సొరంగాలు, 37 వంతెనలు! దాదాపు సముద్రమట్టం నుంచి 2,400 మీటర్ల ఎత్తుకు రైలు కొండల్ని చుట్టుకుంటూ ఎక్కుతుంది. తాటిచెట్లతో మొదలైన ప్రయాణం పైన్ అడవుల్లోకి చేరుతుంది. దివిసదెరో అనే స్టేషనులో రైలు కొద్దిసేపు ఆగుతుంది. అక్కడ అంచున నిలబడితే కాళ్ళ కింద భూమి ఒక్కసారిగా తెగిపోయినట్టుంటుంది. పక్కనున్న ఉరికే లోయ దాదాపు 1,800 మీటర్ల లోతు. చూసినవాడికి తన అల్పత్వం తెలిసివస్తుంది.

అయితే లోయ అంచుకు వెళ్ళే దారిలోనే రంగురంగుల లంగాలు కట్టుకున్న స్త్రీలు నేలమీద కూర్చుని, పైన్ సూదులతో, సోతోల్ ఆకులతో అల్లిన బుట్టలు అమ్ముతుంటారు. వీరు తారాహుమారాలు. తమను తాము రారామురి అని చెప్పుకుంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారం వారి భాష మాట్లాడేవారు 90 వేలకు పైగా ఉన్నారు. స్పెయిను వారి గనుల వెట్టిచాకిరీని తప్పించుకోవడానికి వీరి పూర్వీకుల్లో చాలామంది ఈ లోయల లోపలికి వెళ్ళిపోయారు. వారు తలదాచుకున్న చోటు ఇప్పుడు లోకానికి వినోద స్థలమైంది.

మన దంపతుల ముందు ఒక పిల్ల చెయ్యి చాపి ఒకే మాట అంటుంది: "కోరిమా". పట్టణం నుంచి వచ్చిన గైడు, "అడుక్కోవడం అలవాటైంది, పట్టించుకోకండి" అంటాడు. భర్త జేబులో నాణెం కోసం తడుముకుంటాడు. భార్య ఆ లోపల ఒక బుట్ట బేరమాడి సగం ధరకు తెస్తుంది.

గైడు చెప్పిన అర్థం సరైనదేనా? రారామురిల భాషలో కోరిమా అంటే భిక్ష కాదు, పంచుకోవడం. పంట పండనివాడు పండినవాడి ఇంటికి వెళ్ళి అడుగుతాడు. అడిగినవాడికి సిగ్గు లేదు, ఇచ్చినవాడికి గొప్ప లేదు. అది అప్పు కాదు, తిరిగి తీర్చనక్కర లేదు. తనకున్నదాంట్లో లేనివాడికి వాటా ఉందన్నదే దాని భావం. జకాత్ దయాధర్మం కాదు, పేదవాని హక్కు అని ఎరిగిన మన పాఠకులకు ఇది కొత్తగా తోచకపోవచ్చు. ఎరగడం వేరు, చేయి చాపిన పిల్ల కళ్ళలోకి చూసి అలా అనుకోగలగడం వేరు. నాణెం ఇస్తూ మనలో ఎంతమందిమి అవతలివాడి నుంచి ఓ నమస్కారం ఆశించలేదు?

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది తేలికైనది కాదు. కోరిమా ఇరుగుపొరుగువారి మధ్య నడిచే న్యాయం. ఈ ఏడు ఇచ్చినవాడు వచ్చే ఏడు అడగవలసి రావచ్చు. ఆ భయమే దాన్ని నిలబెడుతుంది. రైలు దిగి పదిహేను ఇరవై నిమిషాల్లో మళ్ళీ ఎక్కేవాడు ఆ పిల్ల ముందు చెయ్యి చాపే రోజు ఎన్నటికైనా వస్తుందా? రాదు. అందుచేత అతడు విసిరిన నాణెం, వారు ఆ మాటే వాడినా సరే, కోరిమా కాజాలదు. పైగా ప్రతి రైలుకూ పిల్లలు స్టేషనుకు పరుగెత్తే అలవాటు వారి బడిని మింగుతుంది. గైడు మాటలో ఆ మేరకు నిజం ఉంది. దానిని మనం కొట్టిపారేయలేము.

కాని నాణెం ఇవ్వకూడదన్నవాడు బుట్టను సగం ధరకు కొనవచ్చా? మన అభిప్రాయంలో ఇదే అసలు ప్రశ్న. ఆ బుట్ట అల్లడానికి పట్టిన కాలాన్ని బేరమాడే ఆమె లెక్కించలేదు. వెనుక మంటమీద కాలుతున్న మొక్కజొన్న గోర్డితాలకు మాత్రం అడిగినంతా ఇచ్చింది. ఆకలి బేరమాడనివ్వదు కాబోలు!

ఈ ప్రజల నుంచి లోకం ఉచితంగా తీసుకున్నది తక్కువేమీ కాదు. 1993లో అమెరికాలోని లెడ్‌విల్ 100 మైళ్ళ పరుగులో 55 ఏళ్ళ విక్తోరియానో చుర్రో, పాత టైరు ముక్కలతో చేసిన చెప్పులు తొడుక్కుని అందరికంటే ముందు చేరాడు. తరవాత వారి పరుగును పొగుడుతూ పుస్తకాలు వచ్చాయి, ఆ చెప్పులను పోలిన పాదరక్షలు ఖరీదుగా అమ్ముడుపోయాయి. వారి కొండల్లో మాత్రం అడవులు నరికే ముఠాలు, మాదకద్రవ్యాల ముఠాలు చేరాయి. అడవి కోసం నిలబడి 2005లో గోల్డ్‌మన్ బహుమతి పొందిన ఇసిద్రో బాల్దెనేగ్రోను 2017లో కాల్చి చంపారు. 2022 జూన్‌లో సెరోకావి గ్రామంలో ప్రాణభయంతో చర్చిలోకి పరుగెత్తిన ఒక టూరిస్టు గైడు, అక్కడి ఇద్దరు వృద్ధ మతగురువులు తుపాకులకు బలయ్యారు. రైలు కిటికీలోంచి ఇవేవీ కనబడవు.

మరునాడు మన దంపతులు లోయలోకి నడుస్తారు. ఈసారి దారి చూపేది ఆ ఊరి రారామురి మనిషే. మాటలు తక్కువ, అడుగులు చురుకు. మధ్యాహ్నానికి భార్యకు మోకాళ్ళు వణుకుతాయి, వెంట తెచ్చిన నీళ్ళు అయిపోతాయి. అతడు ఒక రాతి నీడన ఆగి, సంచిలోంచి పినోలే, అంటే వేయించి దంచిన మొక్కజొన్న పిండి తీసి, తన నీళ్ళలో కలిపి, గిన్నె ఆమె చేతికిస్తాడు. సగం తాగి భర్తకు ఇస్తుంది. మిగిలిన అడుగు నీళ్ళు అతడు తాగుతాడు. ఆమె అలవాటుకొద్దీ పర్సు తెరిచి, ఏ నోటు తీయాలో తేల్చుకోలేక తలెత్తి చూస్తుంది. అతడప్పటికే గిన్నె సంచిలో పెట్టుకుని ముందు నడుస్తున్నాడు.