సంకల్పమూ సముద్రమూ

మా దేవాలయానికి వచ్చే యువకులు నలుగురు తెరచాప పడవలో రోడ్రిగ్స్ ద్వీపానికి వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. వారి తల్లిదండ్రులు ప్రయాణానికి ముహూర్తం పెట్టించడానికి అర్చకస్వామి వద్దకు వచ్చిన నాడు మేము కొందరం అక్కడే ఉన్నాము. మంచి ఘడియలో బయలుదేరితే మిగిలినది భగవంతుడే చూసుకుంటాడని ఒక తండ్రిగారు అన్నారు. గాలి అనుకూలించకపోతే ఆ ఘడియకు బయలుదేరలేమని ఆయన కుమారుడు వినయంగా బదులు చెప్పాడు. తండ్రిగారికి ఆ మాట నాస్తికంగా తోచింది. ఆనాటి నుండి మమ్మల్ని ఒక ప్రశ్న వెంటాడుతున్నది. ముందుజాగ్రత్త దైవభక్తిలోని లోపమా, లేక దైవభక్తిలోనే ఒక భాగమా?

ముందుగా ఆ ప్రయాణం ఎటువంటిదో తెలుసుకొనడం మంచిది. పోర్ట్ లూయీ నుండి తూర్పున రోడ్రిగ్స్ సుమారు 600 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. విమానంలో గంటన్నర పని. తెరచాప పడవకు అది వేరే లోకం. మన సముద్రంలో సంవత్సరంలో అధికభాగం ఆగ్నేయ దిశ నుండి గాలి వీస్తుంది. తూర్పునకు పోయే పడవ దాదాపు గాలికి ఎదురుగా పోవాలి. తెరచాప గాలికి సూటిగా ఎదురు నడవలేదు కాబట్టి, ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు వంకరలు తిరుగుతూ పోవలసివస్తుంది. తిన్నగా పోగలిగితే మూడు రోజులలో ముగిసే దారికి నాలుగైదు రోజులు పట్టవచ్చు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుఫానుల భయం. నడి శీతకాలంలో గాలి, అలలు రెండూ ఉధృతం. మధ్యలో దొరికే అనుకూల దినాలు పంచాంగం చూసి రావు. వాటి కోసం కాచుకొని ఉండాలి.

ఆ యువకులు సిద్ధం చేసుకున్న కాగితాన్ని మేము అడిగి చూశాము. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీరు చొప్పున నలుగురికి ఐదు రోజులకు 80 లీటర్లు కావాలి. వారు 160 లీటర్లు, అదీ రెండు వేర్వేరు తొట్లలో తీసుకొని వెళ్తారు. ఒకటి పగిలినా రెండవది మిగులుతుంది. రాత్రివేళ పహరా ఎవరిది ఎప్పుడో వ్రాసుకున్నారు. చీకటి పడ్డాక చేరితే పగడపు దిబ్బల నడుమ ఉన్న దారిలోకి ప్రవేశించక, తెల్లవారేవరకు బయటి సముద్రంలోనే నిలిచి ఉండాలని నిర్ణయించుకున్నారు. ఉపగ్రహాలకు ఆపద సంకేతం పంపే పరికరాన్ని తమ పడవ పేరున నమోదు చేయించారు. ఏ రోజు ఏ వేళ దాటినా తమ నుండి కబురు రాకపోతే కోస్ట్ గార్డ్‌కు తెలుపవలసిన బాధ్యత ఎవరిదో కూడా ఆ కాగితంలో ఉన్నది.

చదువుతూ ఉండగా మాకు సంకల్పం గుర్తుకు వచ్చింది. పూజారంభంలో మనం ఏ దేశంలో, ఏ ఋతువులో, ఏ తిథినాడు, ఏ గోత్రంవారం, ఏ ఫలాన్ని కోరి ఈ కార్యం చేస్తున్నామో స్పష్టంగా ఉచ్చరిస్తాము. సర్వజ్ఞుడైన భగవంతునికి ఈ వివరాలు తెలియవని కాదు. చేసేవాడు తానెక్కడ నిలిచి ఉన్నాడో, ఏమి చేయబోతున్నాడో తనకు తాను తెలుసుకొని చేయాలని దాని భావమని మేము గ్రహించాము. ఆ యువకుల కాగితం కూడా దేశకాలాలు చెప్పి చేసిన సంకల్పమే. అటువంటి దానిని అవిశ్వాసమని ఎలా అనగలము?

మన సముద్రమే దీనికి రెండు సాక్ష్యాలు చెబుతున్నది. ఫ్రెంచి నావికుడు బెర్నార్ మోయితెసియే 1952లో డియేగో గార్సియా వద్ద దిబ్బలకు తగిలి తన పడవను పోగొట్టుకున్నాడు. ఖచ్చితమైన కాలమానం చూపే గడియారం లేనందున, తాను తూర్పు పడమరలలో ఎంతవరకు వచ్చినదీ అతనికి రూఢిగా తెలియలేదు. తరువాత మన మారిషస్‌కే చేరి, ఇక్కడ మూడేళ్ళు శ్రమించి మరొక పడవ కట్టుకున్నాడు. రెండవ సాక్ష్యం 2014 నవంబరు 29 నాటిది. వోల్వో ఓషన్ రేస్‌లో పాల్గొంటున్న టీమ్ వెస్టాస్ విండ్ అనే పడవ రాత్రివేళ మారిషస్‌కే చెందిన సెయింట్ బ్రాండన్ దిబ్బల మీదికి ఎక్కింది. అందులో ఉన్నవారు ఆరితేరిన నావికులు. ఎలక్ట్రానిక్ పటాలూ ఉన్నాయి. అయితే పటాన్ని చిన్నదిగా చేసి చూసినప్పుడు ఆ దిబ్బలు సరిగా కనబడవు. పెద్దదిగా చేసి పరిశీలించడంలో లోపం జరిగింది. తొమ్మిదిమందీ ప్రాణాలతో బయటపడ్డారు. పోటీలోని మరొక పడవ తన పరుగు ఆపి, రాత్రంతా సమీపంలో కాచుకొని ఉన్నది.

ఒకరికి పరికరం లేకపోయింది, మరొకరికి పరికరం ఉండీ చూపు చాలలేదు. ఈ రెండింటి కంటె మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ రెండవ పడవ. సముద్రంలో ఒకరి పొరపాటు ఒకరితో ముగియదు. ఆపద సంకేతం వెలువడగానే, మనం పేరు కూడా ఎరుగని ఎవరో తన ఇంటివారిని విడిచి అలల మీదికి రావాలి. కాబట్టి నా ప్రాణం నా ఇష్టమనే వాదం అక్కడ నిలవదు. చేయగల జాగ్రత్తను చేయకుండా దైవం మీద భారం వేసినవాడు, నిజానికి ఆ భారాన్ని తోటి మనిషి మీద వేస్తున్నాడు.

ఇంతగా లెక్కలు వేసేవాడు అసలు ఒడ్డు విడువగలడా అని కొందరు పెద్దలు మాతో అన్నారు. ఆ మాటలోనూ సత్యమున్నది. భయం కొన్నిసార్లు వివేకపు వేషం వేసుకొని వస్తుంది. కానీ ఎంత లెక్క వేసినా సముద్రం పూర్తిగా లెక్కకు అందదు. చేయగలిగినదంతా చేసిన తరువాత కూడా మన చేతిలో లేనిది ఎంతో మిగులుతుంది. ప్రార్థన ఆ మిగిలినదాని కోసం. చేయగలిగినది చేయక మానినదాని కోసం కాదు.

ఆ కాగితంలోని చివరి అంశం అన్నిటికంటె కఠినమైనది. ఏ పరిస్థితులలో వెనుదిరగాలో వారు ఒడ్డున ఉండగానే వ్రాసుకున్నారు. గాలి ఇంత వేగం మించితే, చుక్కానికి దెబ్బ తగిలితే, నలుగురిలో ఎవరైనా పహరా కాయలేని స్థితికి వస్తే, ఇక చర్చ లేదు, తిరిగి రావాలి. అలసిన మనస్సు, దగ్గరపడిన గమ్యం, ఎదురుచూసే బంధువులు, ఇవన్నీ నడిసముద్రంలో తీర్పును ఒకవైపునకే లాగుతాయి. అందువల్ల నిష్పక్షపాతంగా ఉండగలిగినప్పుడే నిర్ణయం చేసి, తరువాత దానికి కట్టుబడి ఉండాలి. ఆడిన మాట తప్పకపోవడమంటే ఇదేనని మా అభిప్రాయం.

మన పూర్వులకు ఈ అవకాశం లేదు. 1843లో కోరింగ ప్యాకెట్ అనే ఓడలో ఈ ద్వీపానికి వచ్చిన తెలుగువారు బయలుదేరే దినాన్ని తాము ఎంచుకోలేదు, దారిని నిర్ణయించలేదు. వెనుదిరగుదామని అనే అధికారం వారికి లేదు. వారు విడిచివచ్చిన కోరంగి రేవు ఆ ఓడకు నాలుగేళ్ళ ముందే, 1839లో, ఉప్పెనకు నాశనమైనది. వారికి లేని నిర్ణయాధికారం వారి సంతతికి నేడు ఉన్నది. దానిని ఉపయోగించక వదిలివేయడం వారి పట్ల కృతఘ్నత అవుతుంది.

అర్చకస్వామి ఆ రోజు చక్కని మార్గం చూపారు. మంచి దినాన పూజ, సంకల్పం జరిపించి, బయలుదేరే దినాన్ని గాలికి విడిచిపెట్టారు. తండ్రిగారు కొంతసేపు మౌనంగా ఉండి అంగీకరించారు.

ఇక మిగిలినది మన వంతు. ఆ పిల్లలు ఏ సగం దారి నుండో తిరిగివస్తే, ప్రసాదం తీసుకొనే వరుసలో వారిని చూసి మనలో ఎవరో నవ్వుతూ, ఏం నాయనా, వెళ్ళలేకపోయారా అని అడగవచ్చు. ఆ ఒక్క ప్రశ్నకు జంకి, తిరిగిరావలసినవారు ముందుకే పోయే ప్రమాదమున్నది. వారు రేవు విడిచేలోగానే మన ఇళ్ళలో ఈ మాట చెప్పుకొని ఉంచుదామని పాఠకులను కోరుతున్నాము.