పాతబడిన కోపం



ఇంగ్లీషులో ద్వేషానికి 'హేట్‌రెడ్' అనే మాట మన పిల్లలందరికీ తెలుసు. 'రాంకర్' అనే మరో మాట ఉంది. చాలాకాలం మనసులో దాచుకున్న పగ అని దాని అర్థం. దాని పుట్టుక లాటిను భాషలో. చెడిపోయి కంపు కొట్టడమే అక్కడ అసలు అర్థం. పాడైన నూనెను ఇంగ్లీషులో 'రాన్సిడ్' అంటారు. రెండూ ఒకే కుదురు మాటలు.

తిరువూరు మామిడితోటల మధ్య బతికే మనకు వేరే చెప్పాలా? నూనె చెడితే జాడీలో ఆవకాయంతా పాడవుతుంది. తోట గట్టు దగ్గర అన్నదమ్ములకు మాటామాటా వస్తుంది. ఆనాటికది కోపమే. దాచుకుంటే పగవుతుంది. ఒకే సత్ప్రసాదం స్వీకరిస్తూ ఎడమొహం పెడమొహంగా ఉంటారు. చివరకు ఆ పగ పిల్లలకూ ఆస్తిలా సంక్రమిస్తుంది.

అందుకే పునీత పౌలుగారు పొద్దు గుంకేలోగా కోపం విడవమన్నారు (ఎఫెసీ 4:26). కానుకను బలిపీఠం ఎదుటనే వదిలి, ముందు సోదరునితో సమాధానపడమన్నారు యేసుప్రభువు (మత్తయి 5:23-24). మీరు తొక్కడం మానేసిన గుమ్మం ఒకటుందా? ఈ ఆదివారం పూజకు ముందే ఆ గుమ్మం తొక్కండి. ప్రభువు మీకు తోడుగా ఉండునుగాక!